ఉండండి, చెంచా తెస్తాను

"మొదటి రోజు రేవు ఊరు," అంది భార్య, నేల మీద పరిచిన మ్యాపు మీద మోచెయ్యి ఆనించి. "తెల్లారేసరికి పడవలు ఒడ్డుకొస్తాయట. అక్కడే నిలబడి పుల్లటి చేపల కూర తినాలి. సాయంత్రం పడవవాళ్ల పాటలు వినాలి."

వంటమాస్టరు వెనకవైపు మెట్లెక్కి వచ్చిన ఆయాసంతో గుమ్మంలోనే ఆగాడు. చేతిలో మూత పెట్టిన గిన్నె. కింద హోటల్లో ఆయన వంట, పైన ఈ రెండు గదుల్లో కాపురం. గదులు ఓనరువి. ఉద్యోగం ఊడిన రోజే ఇల్లూ ఊడుతుంది.

"నీ పాటల సంగతి తర్వాత. ముందు ఇది చూడు, కింద పొయ్యి మీద కాగిపోతోంది."

"ఉండండి, చెంచా తెస్తాను."

గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఏడాదిగా రోజూ ఇదే తంతు. అప్పట్లో మొగుడూ పెళ్లాం ఒకేసారి జ్వరంతో మంచాన పడ్డారు. కూతురే ఇద్దరికీ జావ కాచి పోసింది. లేచి పొయ్యి దగ్గర నిలబడ్డాక తెలిసింది మాస్టరుకు, తన నాలుక చచ్చిపోయిందని. ఉప్పేదో పంచదారేదో తెలియదు. నరం దెబ్బతింది, ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు డాక్టరు. రుచి తెలియని వంటమాస్టర్ని ఎవడు మేపుతాడు? అందుకే ఓనరు కళ్లు కప్పి ఈ దొంగ మెట్లు ఎక్కడం, భార్య చెప్పినట్టు ఉప్పో కారమో వేసి గండం గట్టెక్కడం.

వంటింట్లో కొత్త ఉద్యోగం కోసమని పుస్తకాలు ముందేసుక్కూర్చున్న కూతురు గటగటా నీళ్లు తాగుతున్న చప్పుడు వినపడింది.

"ఏంటే అమ్మడూ, ఎప్పుడు చూసినా ఆ నీళ్లు తాగడం?"

"చదివి చదివి గొంతెండిపోతోంది నాన్నా!"

భార్య బయటికొచ్చింది. "కారం మండిపోతోంది. కాస్త పులుపు పడితే సర్దుకుంటుంది."

"బతికించావు," అని మాస్టరు దిగబోయాడు.

"ఆగండి. ఆ కొండ ఊళ్లో పచ్చి మిరియాలతో మాంసం వండుతారన్నారే, ఎలా ఉంటుందో మళ్లీ చెప్పండి."

పెళ్లికి ముందు ఆయన ఆ ఊళ్లన్నీ తిరిగి వంట నేర్చుకున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పనే? ముందు నాలుక చురుక్కుమంటుంది. తర్వాత చెవులు వేడెక్కుతాయి. మింగాక..." ఆయన గుమ్మం వైపు తిరిగాడు. "ఎందుకొచ్చిన మాటలివి? ఇప్పుడు నాకు గడ్డి పెట్టినా ఒకటే."

"మొద్దుబారిందంతే. గట్టిగా తట్టి లేపాలి. ఒక ఊళ్లో లేవకపోతే ఇంకో ఊళ్లో లేస్తుంది. కుండల సంతలో మీగడ పెరుగు, అడవి పక్క ఊళ్లో చేదు తేనె, చివరి రోజు ఉప్పు మడుల దగ్గర ఎండుచేప. వారంలో తిరిగొచ్చేద్దాం. తమ్ముడు కారు ఇస్తానన్నాడు. పాప కూడా వస్తుంది."

"అదెందుకు? సోమవారం ఊరెళ్లి ఉద్యోగంలో చేరొద్దూ?"

"వారం ఆలస్యంగా చేరుతుంది. అది లేకపోతే నేనూ రాను."

"ఇదెక్కడి గోలే! నాలుక పోయింది నాకైతే, మధ్యలో దాని ఉద్యోగం చెడగొడతావేంటి?"

ఆమె మ్యాపు మడత పెట్టేసింది.

సాయంత్రం మాస్టరు సెలవడిగాడు. ఓనరు నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే ఒళ్లు మండుతుంది ఎవరికైనా.

"వారమా? సోమవారం అంత పెద్ద విందు ఒప్పుకుని కూర్చుంటే? వెళ్లు మాస్టరూ, హాయిగా తిరిగిరా. నువ్వొచ్చేసరికి నీ పొయ్యి దగ్గర ఇంకొకడుంటాడు."

మాస్టరు పైకొచ్చి చెప్పేశాడు. "ట్రిప్పూ లేదు, గిప్పూ లేదు. కారు వద్దని మీ తమ్ముడితో చెప్పు."

భార్య చతికిలబడి ఏడ్చింది. అంత ఏడుపు ఆయన ఊహించలేదు.

"పిచ్చిదానా, నా నాలుక కోసం ఇంత ఏడవాలా? పోతే పోయింది. నీ నాలుకుందిగా మనిద్దరికీ."

ఓదారుద్దామని అన్నమాటకు ఆమె ఇంకా వెక్కిళ్లు పెట్టింది. ఆడవాళ్లకి ఏం చెప్పినా తప్పేననుకుని ఆయన మెట్లు దిగిపోయాడు.

సోమవారం పొద్దున కూతురు బ్యాగు భుజానికి తగిలించుకుని కూడా గుమ్మం దాటలేదు.

"అమ్మా, మానేయనా?"

"నోర్మూసుకుని వెళ్లు. ఎన్నాళ్లని ఈ వంటింట్లో కూర్చుంటావు?"

తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని వదల్లేదు. మాస్టరుకు విసుగొచ్చింది.

"నెలకోసారి వస్తుందిగా! ఏదో ఇక కనపడనట్టు ఏంటే ఈ శోకాలు? బస్సు వెళ్లిపోతుంది."

మధ్యాహ్నం ఆయన చెమటలు కక్కుకుంటూ గిన్నెతో పైకొచ్చాడు.

"తొందరగా చూడవే! అందరూ వచ్చేశారు. ఓనరు పక్కనే కూర్చుని తింటానన్నాడు. ఈరోజు తేడా వస్తే మన పని అయిపోయినట్టే."

"ఉండండి, చెంచా తెస్తాను."

వంటింట్లోంచి చెంచా గిన్నెకు తగిలిన చప్పుడు వినపడింది. మళ్లీ తగిలింది. మళ్లీ. విందు వంట కదా, జాగ్రత్తగా చూస్తోందనుకుని మాస్టరు ఓపిక పట్టాడు.

"ఎంతసేపే? చెప్పు!"

ఆమె బయటికి రాలేదు. గొంతు మాత్రం వినపడింది.

"అన్నీ సరిపోయాయి. వడ్డించేయండి."

"నువ్వే లేకపోతే నా గతేం కాను!" అంటూ మాస్టరు రెండేసి మెట్లు దిగుతూ పరుగెత్తాడు.

ఆమె ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూతురి కుర్చీలో కూలబడింది. బల్ల మీద కూతురి నీళ్ల గ్లాసు బోర్లించి ఉంది.

ఆ జ్వరంలో ఆమె నాలుక కూడా పోయింది.