బొబ్బిలి బస్సు మళ్ళిన మలుపు

బస్సు సీట్లు గుండె చప్పుడు వినడం మొదలుపెట్టాక బొబ్బిలి బస్సు వేళకు చేరిన రోజు లేదు. ఎవరి గుండె తేడాగా కొట్టుకున్నా బస్సు తనంతట తానే దగ్గర్లోని ఆసుపత్రికి మళ్ళిపోయేది. ఆ సోమవారమూ మళ్ళి, ఓ ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది. కండక్టరు పైడితల్లికి ఒళ్ళు మండిపోయింది.

"ఎవులయ్యా? చుట్టలు కాల్చీసి, పకోడీలు మెక్కీసి బస్సెక్కితే మేం చావాలేటి? దిగండి!"

ప్రయాణికులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. డ్రైవరు గవరయ్య వెనక్కి తిరిగాడు.

"ఎర్రదీపం ఎలిగింది నీ సీటు మీదే, పైడమ్మా."

"నాకేటి? గుండెల్లో నొప్పే నేదు. పొద్దుట్నించి దవడ లాగుతోంది, పన్ను పుచ్చినట్టుంది. చెమటంటావా, ఈ ఎండకి ఎవులికి పట్టదు?"

"బస్సులో ఏసీ ఉంది కదమ్మా," అంది ముందు సీట్లోని ముసలామె.

"దిగమ్మా!" అని బస్సంతా ఒక్క గొంతుతో అరిచింది.

గుండె రక్తనాళం మూసుకుపోతోందనీ, ఆడవాళ్ళకు గుండెపోటు ఒక్కోసారి దవడ నొప్పితోనే మొదలవుతుందనీ చెప్పి డాక్టరమ్మ వెంటనే సూది వేసింది. స్ట్రెచర్ మీద నుంచే పైడితల్లి కేకేసింది.

"గవరయ్యా, ఇంకా నిలబడ్డావేటి? జనాన్నెక్కించుకుని బస్సు తియ్యి!"

"ఎక్కమంటే ఒక్కలూ ఎక్కట్నేదు," అని గవరయ్య గుమ్మంలోంచి విసుక్కున్నాడు. "నీ సంగతి తెల్సేదాకా కదలరట."