బల్ల కింద చోటు

నేల కదిలింది. "మల్లేశ్వరమ్మా, బల్ల కిందికి దూరండి!" అని అరుస్తూ నేను నా బల్ల కిందికి దూరాను.

క్షణంలో సద్దుమణిగింది. పెడనలోని మా కలంకారీ షెడ్డులో ఒక్క అచ్చూ పడలేదు. భూకంపం వస్తే బరువులు ఎత్తున ఉండకూడదని విని, చెక్క అచ్చులన్నీ గోడ అరల నుంచి ముందే దింపించాను. గర్వంగా పైకి లేచాను.

మా దగ్గర అద్దకం పనిచేసే మల్లేశ్వరమ్మ రెండు చేతులూ తలమీద పెట్టుకుని, అద్దకం బల్ల పక్కనే నిలబడి ఉంది.

"దూరమన్నానుగా, వినపడలేదా?"

"వినపడిందండీ. ఎక్కడ దూరమంటారు? అచ్చులన్నీ దీని కిందేగా పెట్టించారు!"

వంగి చూశాను. పిల్లి దూరే సందు కూడా లేదు.

మొదట నా బల్ల కింద పెట్టించిన అచ్చులు కాళ్లకు అడ్డొస్తున్నాయని, మొన్న వాటిని కూడా ఆవిడ చేతే అక్కడికి మోయించాను.