పదకొండు సెకన్లు

"ఇదిగో, మళ్ళీ ఆగిపోయారు," అన్నాడు చెవులాయన, హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి పక్కకి జరుపుతూ.

స్పీకర్లో పియానో ఠక్కున తెగిపోయింది. క్యాసెట్ తిరుగుతున్న సన్నటి రొద తప్ప గదిలో ఇంకేమీ వినిపించడం లేదు. ఆమె ఊపిరి బిగబట్టింది. టేపులో నాన్న ఇప్పుడైనా ఏమైనా అంటారేమో. ఒక్క మాట చాలు.

ఏమీ అనలేదు. పియానో ఏమీ జరగనట్టు మళ్ళీ అందుకుంది.

"కొలిచానమ్మా. ప్రతిసారీ పదకొండు సెకన్లే. మతిమరుపుకి కూడా ఇంత క్రమశిక్షణేంటో!"

ఆమె నవ్వలేదు. "ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే. ఇరవై ఆరోది."

పాడైపోయిన పాత రికార్డింగులు బాగుచేయడం చెవులాయన పని. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఆమె తండ్రి నలభై ఏళ్ళు వేదికల మీద జాజ్ పియానో వాయించి, చివరి ఆరేళ్ళూ గడప దాటకుండా ఇంట్లోనే వాయించుకుని, రికార్డు చేసుకుని, కిందటి నెల పోయారు. పియానో ముందు కూర్చునే బల్ల కింద అట్టపెట్టెలో ఈ క్యాసెట్లు దొరికాయి. ఒక్కదాని మీదా రాత లేదు.

పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ఆమె మూడు రోజులు సెలవు పెట్టి వచ్చింది. పాటల కోసం కాదు. తండ్రీకూతుళ్ళ మధ్య ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు. ఒంటరిగా ఉన్నప్పుడైనా ఆయన తనని తలుచుకున్నారా లేదా, అదొక్కటే తేలాలి.

"ఏమనుకోకపోతే అడుగుతాను. మాస్టారితో గొడవేంటమ్మా?"

"ఒకే బల్ల మీద కూర్చుని ఇద్దరం వాయించేవాళ్ళం. ఆయన కాసేపు, నేను కాసేపు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, రెండొందల మంది ముందు, నా వంతు రాగానే బుర్ర ఖాళీ అయిపోయింది. చెయ్యి లేవలేదు."

"అది ఎవరికైనా జరిగేదే కదా."

"జరిగేదే. కానీ ఆయన ఆగలేదండీ. రెండు క్షణాలు కూడా ఆగలేదు. నా మీదుగా చెయ్యి చాచి నాది కూడా తనే వాయించేశారు. హాలంతా చప్పట్లు. మర్నాడే ఇల్లు వదిలేశాను, పియానో వదిలేశాను. ఇప్పుడు ఈ వేళ్ళు ఊళ్ళోవాళ్ళకి పళ్ళు కడుతున్నాయి."

చెవులాయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. ఆఖరి క్యాసెట్ పెట్టాడు.

మొదట బల్ల కిర్రుమని జరిగిన చప్పుడు. తర్వాత పాట. ఆగింది. సాగింది. ఆగింది. సాగింది. చివరికి బటన్ టక్కుమని లేచింది.

అంతే. దగ్గు కూడా లేదు.

"మరుపేనమ్మా," అన్నాడు చెవులాయన మెల్లగా. "ఆస్పత్రి కాగితాల్లో కూడా ఉందన్నారుగా. మర్చిపోయి ఆగుతున్నారు, గుర్తొచ్చాక అందుకుంటున్నారు. మీరేం దిగులుపడకండి. ఆ ఖాళీలన్నీ కత్తిరించి అతికేస్తే వినేవాళ్ళకి అనుమానం కూడా రాదు. మాస్టారి చివరి వాయింపు అంటే జనం ఎగబడి వింటారు."

"వద్దు. చెరిపేయండి."

"ఏంటమ్మా ఆ మాట?"

"ఆ రోజు నేను ఎలా బిక్కచచ్చి కూర్చున్నానో, ఈయనా అలాగే కూర్చున్నారు. ఒక్కసారి కాదు, ఇరవై ఆరు క్యాసెట్ల నిండా. కత్తిరించినా ఎవడో ఒకడు పట్టేస్తాడు. ఆ సిగ్గు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాన్నకి అది వద్దు."

"పోనీ, మీ దగ్గరైనా ఉంచుకోండి."

"నా ఊసే లేనివి నాకెందుకండీ?"

"నాలుగు రోజులు ఆలోచించుకోండమ్మా."

"ఇరవై రెండేళ్ళు ఆలోచించాను."

చెవులాయన టేపులు చెరిపే ఇటుకంత అయస్కాంతం పెట్టెని బల్ల మీదకి లాగి స్విచ్ వేశాడు. అది గుయ్యిమంది. ఒక్కో క్యాసెట్టూ దాని మీద రెండుసార్లు తిప్పి తీశాడు. ఆఖరిది ఆమె తన చేత్తోనే తిప్పింది.

పని పూర్తయ్యేసరికి తలుపు చప్పుడైంది. చివరి ఆరేళ్ళూ తండ్రిని కనిపెట్టుకుని ఉన్న నర్సు.

"పెద్దాయన ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉండిపోయిందమ్మా. ఇక్కడున్నారని తెలిసి వచ్చాను." బల్ల మీద వరుసగా పేర్చిన క్యాసెట్లు చూసి నర్సు ముఖం వెలిగింది. "విన్నారా! ఇవి తిరుగుతుంటే నన్ను తుమ్మనిచ్చేవారు కాదు, ఆయనా నోరు మెదిపేవారు కాదు. పియానో బల్ల మీద ఎడమ చివర ఒదిగి కూర్చునేవారు. కుడివైపు నన్ను కూర్చోనిచ్చేవారే కాదు."

ఆమె తాళంచెవి అందుకోబోతూ ఆగింది. "పాట మర్చిపోయేవారు కదూ?"

"పాటా? నా పేరు మర్చిపోయేవారు గానీ, పాటలో చిన్న ముక్క కూడా మర్చిపోలేదమ్మా. మధ్యలో ఎందుకాపుతారని ఓసారి నేనూ అడిగాను, టేపు కట్టేశాక."

"ఏమన్నారు?"

"'అది మా అమ్మాయి వంతు' అన్నారు."