బాదంగింజంత భయం

తల్లి కుర్చీ అంచున కూర్చుంది. పక్కనున్న కూతురు ఆమె చెయ్యి వదలడం లేదు.

“తిండి లేదు, నిద్ర లేదు బాబూ. సాయంత్రమయ్యేసరికి ఒకటే దడ. గేటు చప్పుడైతే చాలు, కొయ్యబారిపోతోంది. నాతో వచ్చేస్తానని పొద్దుట్నించీ ఒకటే పోరు” అంది తల్లి.

డాక్టర్ ఓపిగ్గా విన్నాడు. ఊళ్లో ఆయనకు మంచి పేరు. రోగుల మీద విసుక్కోగా చూసినవాళ్లు లేరు.

బల్ల మీదున్న ప్లాస్టిక్ మెదడును రెండుగా విప్పి, లోపలి భాగాన్ని పెన్నుతో తాకాడు.

“ఇది బాదంగింజంత ఉంటుంది. ప్రమాదం వస్తే గంట కొట్టడం దీని పని. ఆ గంటను అదుపులో ఉంచే రసాయనాలు కొన్నుంటాయి. వాటిలో తేడా వస్తే, ఏ ప్రమాదం లేకపోయినా గంట మోగుతూనే ఉంటుంది. తనకు జరుగుతున్నది అదే.”

“నీ దగ్గరున్నప్పుడు ఏ మాత్రా లేకుండానే నిద్రపోయాను కదమ్మా” అంది కూతురు.

తల్లి ఆలోచనలో పడింది. నిజమే. చెవులు చిల్లులు పడే కుట్టుమిషను రొదలో కూడా పసిపిల్లలా పడుకుంది.

“అదంతా నాలుగు రోజుల ముచ్చట” డాక్టర్ నవ్వాడు. “ఈ జబ్బు ముదిరితే అయినవాళ్లే శత్రువుల్లా కనిపిస్తారు. లేనిపోనివి కల్పించి చెబుతారు. మీకేమైనా చెప్పిందా?”

మెల్లగానే అడిగాడు. తల్లి చేతిలో కూతురి వేళ్లు మంచుముక్కలయ్యాయి.

“లేదు బాబూ. ఏదో చెప్పబోతుంది, అంతలోనే మాట మింగేస్తుంది.”

“చెప్పినా నమ్మకండి. అప్పుడు మాట్లాడేది తను కాదు, ఆ రసాయనాలు.”

కూతురి మోచేతి పైన నీలంగా కమిలిన మచ్చ. తల్లి చూపు అక్కడ ఆగింది. ఆమె అడగకముందే డాక్టర్ అందుకున్నాడు.

“కంగారులో తలుపులకీ గోడలకీ గుద్దుకుంటూ ఉంటారు. తెలియదు పాపం.”

తల్లి నిట్టూర్చింది. ఇంత చదువుకున్నాయన చెబుతుంటే తనకేం తెలుసని? కూతురి వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంది.

“చెప్పినట్టు వినమ్మా. నీ మంచికే.”

కూతురు ఏడవలేదు. నేల వైపు చూస్తూ ఉండిపోయింది.

డాక్టర్ లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“మాత్రలు రోజూ నా చేత్తోనే వేస్తాను, మీరు నిశ్చింతగా బస్సెక్కండి అత్తయ్యగారూ!”