నేల మీద కూర్చునే కాలు

"ఈయనకు పని రాదు. ఇంకో మేస్త్రిని పిలువమ్మా!"

గంగాధరం ఆ మాట అనేసరికి క్లినిక్‌లో ఆకురాయి చప్పుడు ఆగిపోయింది.

అది 1991. మస్కట్‌లోని వాదీ కబీర్ పేటలో, వర్క్‌షాపుల సందు చివర, రెండు గదుల ధర్మ క్లినిక్. కాళ్లు పోయినవాళ్లకు అక్కడ ఉచితంగా కాళ్లు చేసి పెడతారు.

గంగాధరం మెట్‌పల్లి వైపు మనిషి. సైట్‌లో సెంట్రింగ్ కార్పెంటర్. మూడు నెలల కింద స్లాబు కూలి మీద పడింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

"నెలాఖరుకల్లా కర్ర లేకుండా నడిచి చూపించు, స్టోర్‌లో డ్యూటీ ఇస్తా. లేకపోతే ఎగ్జిటే, ఇండియాకు విమానం ఎక్కుడే," అన్నాడు ఫోర్‌మన్.

ఆ నెలలో మూడు వారాలు క్లినిక్‌లో కాళ్లు చేసే ఈ తెల్ల ముసలాయనతోనే సరిపోయింది.

మొదటి రోజే గంగాధరానికి తికమక. తెల్లవాళ్లంటే తనకు తెలిసి ఇంజినీర్లు, మేనేజర్లు. ఏసీ కారు దిగనివాళ్లు. ఈయనేమిటి, చేతుల నిండా అచ్చు తీసే సున్నప్పిండితో, నేల మీద మోకాళ్లూని నా కాలు కొలుస్తున్నాడు?

తాగుడు వల్ల ఉద్యోగం పోయిందేమో అనుకున్నాడు. ఏదో తప్పు చేస్తే ఇక్కడికి తోసేశారేమో అనుకున్నాడు. కాస్త జాలి కూడా పడ్డాడు.

ముసలాయన అడిగే ప్రశ్నలు ఇంకా వింత. క్లినిక్‌లో పనిచేసే కడప అమ్మాయి సఫూరా వాటిని తెలుగులో చెప్పేది.

"అన్నా, అన్నం యెట్ల కూర్చుని తింటావని అడుగుతాండాడు."

"కింద కూసోని తింట. ఎందుకట?"

"మరి... లెట్రిన్‌లో యెట్ల కూర్చుంటావంట?"

సఫూరా మొహం పక్కకు తిప్పుకుంది. గంగాధరం చెవులు వేడెక్కాయి.

"ఈయనను కంపెనీ పంపిందా ఏంది? నేను పనికి రానని రాసుకపోనీకి వచ్చిండా?"

"కాదన్నా. ఒకసారి కూర్చుని చూపించమంటాండాడు, అంతే."

ముసలాయన తొడిగిన కొత్త కాలుతో గంగాధరం గొంతుక్కూర్చోబోయాడు. పాదం చీలమండ దగ్గర వంగలేదు. వెల్లకిలా పడ్డాడు.

ముసలాయన అతన్ని లేపాడు. కాలు విప్పాడు. బాగా ఉన్న పాదాన్ని రంపంతో కోసి పక్కన పడేశాడు.

రెండో వారం ఇంకో పాదం. మళ్లీ పడ్డాడు. మళ్లీ రంపం.

మూడో వారం కూడా అంతే.

నడవడానికి బాగానే ఉంది కదా! చేసినదాన్ని చేసినట్టే ఎందుకు కోసేస్తున్నాడు? గంగాధరానికి ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. చూస్తే నెలాఖరుకు ఇంకా అయిదు రోజులే. అందుకే ఇవాళ పని రాదని నోటికొచ్చిన మాట అనేశాడు.

ముసలాయన ఏమిటన్నట్టు సఫూరా వైపు చూశాడు. ఆమె నీళ్లు నమిలింది.

"ఉన్నదున్నట్టే చెప్పు, నాకేం భయం?" అన్నాడు గంగాధరం.

చెప్పింది.

ముసలాయన కోప్పడలేదు. చేతిలోని పాదాన్నే చూస్తూ మెల్లగా ఏదో అన్నాడు.

"నిజమేనంటన్నా. నలభై యేండ్లు కుర్చీల్లో కూర్చునేవాళ్లకే కాళ్లు చేసినాడంట. ఇంకొక్క వారం ఇయ్యమంటాండాడు."

"వారం ఆగితే నేను విమానంల ఉంట. మొయినుద్దీన్ భాయ్‌ని చెయ్యమను."

పక్క బల్ల దగ్గరున్న హైదరాబాదీ మేస్త్రి మొయినుద్దీన్ కంగారుగా లేచి నిలబడ్డాడు. ముసలాయన ఆకురాయిని అతని చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

రెండు రోజుల్లో కాలు తయారైంది. వంగని పాదమే, కానీ నడవడానికి చాలు. వెళ్లేటప్పుడు చెయ్యి కలపడానికి ముసలాయన చెయ్యి చాపాడు. గంగాధరం చూడనట్టే బయటికి వచ్చేశాడు.

అల్ హైల్‌లోని కంపెనీ యార్డులో, ఫోర్‌మన్ ముందు, ఈ చివర నుంచి ఆ చివరకు కర్ర లేకుండా నడిచాడు. స్టోర్ డ్యూటీ దొరికింది.

తర్వాత నాలుగేళ్లు రూమ్‌లో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని తింటుంటే, తానొక్కడే పెయింట్ డబ్బా మీద కూర్చుని తిన్నాడు. లెట్రిన్‌లో నల్లా పైపు పట్టుకుని వేలాడాడు.

అప్పుడు గుర్తొచ్చేవి ఆ ప్రశ్నలు. 'గిందుకే అడిగిండా?' అనుకునేవాడు. అంతలోనే, 'నా తిండితోటి తెల్లాయనకేం పని?' అనుకునేవాడు. ఎటూ తేలేది కాదు.

1995లో కాలు అరిగిపోయి మళ్లీ ఆ క్లినిక్‌కే వెళ్లాడు.

మొయినుద్దీన్ కొత్త కాలు తొడిగి, "కూసో గంగన్నా," అన్నాడు.

గంగాధరం గోడ పట్టుకుని భయంభయంగా వంగాడు. పాదం కూడా వంగింది. గోడ వదిలేశాడు. పడలేదు. అరచేతులు రెండూ నేలకు ఆనించి అట్లాగే చాలాసేపు కూర్చుండిపోయాడు.

"నీ చేతులు సల్లగుండ భాయ్! ఎట్ల చేసినవ్?"

"నేనొక్కన్ని కాదు. ఆ పెద్దాయన, నేను కలిసి చేసినం. మూడేండ్లు పట్టింది."

"ఏ పెద్దాయన? ఆ తెల్లాయననా? యాడున్నడు? పోయి కలుస్త."

మొయినుద్దీన్ తల వంచుకున్నాడు.

"పోయిన చలికాలంల కాలం చేసిండు."

గంగాధరానికి చాపిన ఆ చెయ్యి కళ్ల ముందు మెదిలింది.

"పాపం," అన్నాడు చివరికి. "ఆ వయసుల ఆయనకు కొలువు ఎవరిచ్చిండ్రు భాయ్?"

పక్క గదిలోంచి వచ్చిన సఫూరా చెప్పింది.

"కొలువు కాదన్నా. ఈ క్లినిక్ పెట్టిందే ఆయన. యెవరికీ చెప్పొద్దనేవాడు. వాళ్ల దేశంలో ఒక రేకుల షెడ్డుతో మొదలుపెట్టి, కాళ్లు చేసే ఫ్యాక్టరీలు అయిదు కట్టినాడు. నువ్వు ఆ కాలు తొడుక్కుని వెళ్లినాక, ఆ యేడే అయిదూ అమ్మేసి వచ్చి, నేల మీద కూర్చునే కాలు చేయడం నేర్చుకోవాలని, నేల మీదే కూర్చుని తినే మొయినుద్దీన్ భాయ్ దగ్గర శిష్యుడిగా చేరినాడు."