తలుపుకు అంటించిన నోటీసు

గుంటూరులో ప్లీడరు గుమాస్తా లక్ష్మీనరసింహం ఇరవై ఏళ్లుగా మొగుడూ పెళ్లాల కేసులే రాస్తున్నాడు. మనోవర్తి దావా వేయించమని దాచేపల్లి నుంచి హనుమాయమ్మ వచ్చింది.

అతను కోర్టు రికార్డు చూసొచ్చి చెప్పాడు.

"నాలుగేళ్ల కిందటే మీ ఆయనకి విడాకులిచ్చేశారమ్మా. నోటీసిచ్చినా నువ్వు రాలేదట."

"నాకెవరిచ్చారండీ?"

"ఇంటికి తాళం వేసుంటే తలుపుకు అంటించారట."

"మిరపచేలో పాకండీ నాది. దానికి తలుపెక్కడిది? గోనెపట్టా కట్టుకున్నాను. ఆ అబద్ధం రాసినోడి చేతులు పడిపోను!"

లక్ష్మీనరసింహం తల వంచుకున్నాడు. నోటీసు అంటించానన్న ఆ రిపోర్టు కింద సంతకం కోర్టు బంట్రోతుది. అతను దాచేపల్లి బస్సే ఎక్కలేదు; ఆమె మొగుడి తరఫున, ఇదే బల్ల మీద ఆ మాటలు రాసిచ్చింది తను.

హనుమాయమ్మ వెంట తెచ్చిన కాగితాలు లక్ష్మీనరసింహం ముందుకు జరిపింది.

"మీరే రాయండి బాబూ. మీరు రాస్తే జడ్జీలు నమ్ముతారంట."