సర్వర్ డౌన్

ఉదయం తొమ్మిదిన్నరకు వీపనగండ్లలో నెట్ సెంటర్ నడిపే మునవ్వర్ తన కంప్యూటర్‌లో లైనక్స్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాడు. ఆ తర్వాత వైఫై రాలేదు.

పదకొండున్నరకు ఏసమ్మ మిరపచేనులో కూలిపని వదిలి వచ్చింది. కూతురు సుప్రియకు నర్సింగ్ సీటు కోసం కాలేజీల ఆప్షన్లు పెట్టాలి. గడువు పన్నెండు గంటల వరకే.

"సర్వర్ డౌన్ ఉందక్కా. మన చేతుల ఏం లేదు," అన్నాడు మునవ్వర్.

ఏసమ్మ అక్కడి నుంచే కూతురికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో సుప్రియ మాట బయటికి వినిపించింది.

"సర్వర్ మంచిగనే ఉందమ్మా. నా దోస్తు రేఖ గిప్పుడే పెబ్బేరుల నెట్ సెంటర్ల ఆప్షన్లు పెట్టింది."

"నోర్ముయ్. మునవ్వర్ భాయ్ పదేండ్ల సంది గిదే పని చేస్తుండు. ఆయనకన్న నీకెక్కువ తెల్సా?"

మునవ్వర్ తల ఎత్తలేదు.

"పిల్ల చెప్పిందే నిజమక్కా. అప్‌డేట్ చేసి వైఫై నేనే చెడగొట్టుకున్న. చెప్పనీకి సిగ్గయింది."

"మరి గిప్పుడెట్ల?"

ఆయన తన ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్‌లోని నెట్ ఇచ్చాడు. రెండు నిమిషాల్లో సైటు తెరుచుకుంది. పదకొండు నలభై ఎనిమిదికి ఆప్షన్లు సేవ్ అయ్యాయి.

"గింతే పనా?" అంది ఏసమ్మ. "తొవ్వల శ్రీశైలం ఎదురైండు. పొద్దున బిడ్డకు ఆప్షన్లు పెట్టిద్దామని వస్తే సర్వర్ లేదన్నవంట. ఇంక లాభం లేదని చేనుకు పోయిండు."

మునవ్వర్ శ్రీశైలానికి ఫోన్ చేశాడు. పన్నెండయ్యేలోపు ఆరుసార్లు చేశాడు. శ్రీశైలం ఎత్తలేదు.